రెండో చెయ్యి

ఆవిడకి కప్పవలసిన శాలువా నాకు కప్పారు. నేను కప్పించుకున్నాను.

ఇందులో దాపరికం ఏమీ లేదు. గుడి నిండా జనం ఉన్నారు. బిషప్ గారు ఉన్నారు. నిడదవోలు నుంచి పిలిపించిన ఫొటోగ్రాఫరు ఉన్నాడు. "మన గుడి పీఠ బాలకులకు ఇరవై ఏళ్ళుగా శిక్షణ ఇస్తున్న పెద్దలు" అని మైకులో నా పేరు చదివారు. నేను లేచి వెళ్ళాను. రైల్లో పార్సిళ్ళు ఎక్కించే పనిలో ముప్పై రెండేళ్ళు మూటలు మోసినవాణ్ణి, దొంగతనాల సంగతి నాకు కొంత తెలుసు. మూట కుట్టు విప్పి తీసేవాడు ఒకడు, చీటీ మార్చి తీసేవాడు ఒకడు. జనం చప్పట్లు కొడుతుంటే మోకాళ్ళ మీద నిలబడి తీసుకున్నవాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూశాను.

పోయిన నెల ఆవిడ పోయింది.

సమాధికి తీసుకెళ్ళే ముందు గుడిలో పూజ పెట్టారు. ఇప్పుడున్న ఫాదర్ గారు కుర్రవాడు, మా విచారణకి, అంటే ఈ గుడి కిందికొచ్చే పేటలకి, వచ్చి ఏడాది కాలేదు. మంచివాడే. ప్రసంగంలో ఆయన అన్నదేమిటంటే: "నలభై ఏళ్ళు ఈ గుడి ఊడ్చిన తల్లి. ఆ చీపురే ఆవిడ జపమాల." ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊడ్చింది, నిజమే, ఎవరు కాదన్నారు? కానీ ఊడ్చినందుకా ఆవిణ్ణి తలుచుకోవాలి? లేచి నిలబడి "అయ్యా, అది కాదండీ" అందామని నడుం దాకా లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఫాదర్ గారిని అనడానికేముంది? ఆయనకి చెప్పినవాళ్ళు అంతే చెప్పారు. మిగతాది చెప్పవలసినవాణ్ణి నేను. రెండో వరసలో, నోరు పెట్టుకుని కూర్చునే ఉన్నాను.

పీఠ బాలకులంటే ఎరగనివారికి చెబుతాను. పూజ జరిగేటప్పుడు తెల్ల అంగీలు తొడుక్కుని బలిపీఠం దగ్గర నిలబడి, ఫాదర్ గారికి నీళ్ళూ ద్రాక్షారసమూ అందించే పిల్లలు. గంట కొట్టేదీ వాళ్ళే, ధూపం పట్టేదీ వాళ్ళే. ఆ రోజు ఆవిడ పెట్టె ముందు నలుగురు నిలబడ్డారు. ఒకడు గోడకి జారబడ్డాడు. ఒకడు మోకాళ్ళ మీద ఉన్నట్టే ఉండి మడమల మీద కూర్చున్నాడు. ఒకడి అంగీలోంచి సెల్ ఫోను సినిమా పాట పాడింది. ధూపకలశం పట్టుకున్నవాడు కుడిచేత్తో దాన్ని ఊపుతూ ఎడంచేత్తో వీపు గోక్కున్నాడు. ఆవిడ పెట్టె ముందు! నా చెవి ఒక శబ్దం కోసం ఎదురుచూసింది. ఆ శబ్దం చెయ్యవలసిన నాలుక పెట్టెలో ఉంది.

శ్మశానంలో అందరితోపాటు నేనూ గుప్పెడు మట్టి వేశాను. వేసేటప్పుడు ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాను. ఎవరూ గమనించలేదు.

*

పేట పిల్లలందరికీ ఆవిడ గుడి మామ్మ. పిల్లల్ని చూసి పెద్దవాళ్ళమూ మామ్మగారు అనేవాళ్ళం. బక్కపలచని మనిషి. కొంగు ఎప్పుడూ తలమీదే. గుడికొచ్చేవాళ్ళందరూ చెప్పులు మెట్ల దగ్గర విప్పుతారు కదా, ఆవిడ వీధిగేటు దగ్గరే విప్పి, వాటిని చేత్తో పట్టుకుని నడిచొచ్చేది. అదేంటి మామ్మగారూ అంటే, "ఆయన లోపలున్నాడు కదండీ, చప్పుడెందుకు" అనేది.

శనివారం పొద్దున్న గుడి కడిగేటప్పుడు చూడాలి ఆవిణ్ణి. బలిపీఠం ఉన్న అరుగు తుడవడం ఒక తంతు. దివ్యప్రసాదం ఉంచే మందసం దగ్గర మొదలుపెట్టేది. మొహం మందసం వైపే ఉంచి, గొంతుక్కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ తుడుచుకొచ్చేది. వెనకాల మెట్టు ఎక్కడుందో మడమకి తెలుసు. ఒక్కనాడు తడబడగా నేను చూడలేదు. తుడిచిన నేల మీద ఆవిడ అడుగు పడేది కాదు. మెట్టు దిగాక నిలబడి, కుడి మోకాలు నేలకి తగిలేదాకా వంచి లేచేది. కుడిచేతిలో నీళ్ళు కారుతూ తడిగుడ్డ. ఎడమ చెయ్యి గుండె మీద.

ఆ అరుగు మీదకి ఆవిడ ఎక్కింది తడిగుడ్డతోనే. పూజవేళ ఆడమనిషి అక్కడ నిలబడొచ్చన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ లేదు. ఇప్పుడు కొన్ని గుళ్ళలో ఆడపిల్లలు కూడా అంగీలు తొడుక్కుంటున్నారని వింటున్నాను. సంతోషం. ఆలస్యంగా వచ్చిన బండిని చూసి కూడా జనం సంతోషిస్తారు, ప్లాట్‌ఫారం మీద నా కళ్ళతో చూశాను.

ఆదివారం ఆవిడ చోటు ఆడవాళ్ళ వైపు మూడో వరసలో, స్తంభం పక్కన. అక్కణ్ణించి పీఠం మొత్తం కనిపిస్తుంది. పూజ జరుగుతున్నంతసేపూ ఆవిడ చూపు ఫాదర్ గారి మీద ఉండేది కాదు, పిల్లల మీద. వాడు గంట కొట్టవలసిన క్షణానికి ఒళ్ళో ఆవిడ మణికట్టు తనంతట తనే తిరిగేది. వాడు తప్పు చేస్తే నాలుక అంగిట్లో కొట్టి చప్పుడు చేసేది: "ట్చ్." అంతే. పెద్ద చప్పుడు కాదు. ఎంత పాట నడుస్తున్నా పీఠం మీదున్న పిల్లాడికి అది వినపడేది, చటుక్కున సర్దుకునేవాడు. చేతులు సరిగ్గా లేకపోతే ఒకసారి. కాళ్ళు సరిగ్గా లేకపోతే రెండుసార్లు.

అప్పటి ఫాదర్ గారు పెద్దాయన, కాస్త చెవుడు కూడాను. ఒకసారి పూజ అయ్యాక నన్ను పిలిచారు.

"ఏమయ్యా సెక్రటరీ, మన గుడిలో బల్లులు మరీ ఎక్కువైపోయాయి. సరిగ్గా నేను ప్రసాదం పైకెత్తేటప్పుడే పలుకుతున్నాయి."

"ఆయ్, ఫాదర్ గారండి. సున్నం వేయిస్తే పోతాయండి."

సున్నం వేయించాం. బల్లి మాత్రం మూడో వరసలో అలాగే ఉంది.

*

నన్ను సెక్రటరీ అనడానికి కారణం నాకు చదువు రావడమే. బడికి వెళ్ళి వచ్చింది కాదు. మూట ఏ పెట్టెలో ఎక్కించాలో తెలియాలంటే చీటీ మీద ఊరి పేరు చదవాలి. తుని దగ్గర మొదలుపెట్టి సామర్లకోట దాకా కూడబలుక్కుని, అక్కణ్ణించి బైబిలు, రాజమండ్రి పాత పుస్తకాల కొట్లో దొరికిందల్లా చదివాను. మా పేటలో అర్జీ రాయాలన్నా, చదవాలన్నా నేనే. అంచేత గుడి కమిటీకి సెక్రటరీని చేశారు. పీఠ బాలకుల బాధ్యత కూడా రిజిస్టర్లో నా పేరునే రాశారు. నియమాల పుస్తకం ఒకటి, అరచేతంత ఉంటుంది, ఫాదర్ గారు నా చేతిలో పెట్టారు.

మొదటి శనివారం పిల్లల్ని వరసగా నిలబెట్టి ఆ పుస్తకం చదివాను. బాగా చదివాను, ఆ మాట చెప్పుకోవాలి. ఆపి, ఇంక చెయ్యండర్రా అన్నాను. ముందువాడు వెనక్కి తిరిగాడు, వెనకవాడు ముందుకొచ్చాడు, ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. గుమ్మంలో చీపురు పట్టుకుని మామ్మగారు నిలబడి ఉంది.

"సెక్రటరీగారండి, ఏమీ అనుకోకండి. మీరు చదివింది పిల్లల చెవుల్లోకి వెళ్ళిందండి. చేతుల్లోకి వెళ్ళలేదు."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"ఒక్క గంట మా వాకిట్లోకి పంపండి."

గుడి వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు ఆవిడది. వాకిట్లో సున్నంతో ఒక గీత గీసింది. గీతకి అవతల పీఠం, ఇవతల జనం. తిరగేసిన కుడితి తొట్టి బలిపీఠం. గోడగూట్లో దీపం బుడ్డి మందసం. ఎద్దు మెడలో కట్టే చిన్న గంట, రెండు స్టీలు గ్లాసులు. తర్వాత తమలపాకుల కట్ట తెచ్చి ఒక్కొక్కడి అరచేతుల మధ్యా ఒక్కొక్క ఆకు పెట్టింది.

"చేతులు జోడించండి నాయనా. ఆకు జారకూడదు. నలగకూడదు. ఈ చివర్నించి ఆ చివరికి నడిచి రండి."

ఇరవై ఏళ్ళ శనివారాలు ఆ వాకిట్లో విన్న మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి.

"ఒరే, జోడించమన్నానురా, నలుపుకోమన్లేదు. చలేస్తోందా?"

"పరిగెత్తకు. దేవుడు బస్సెక్కి వెళ్ళిపోడు."

"మోకాలు వంచేటప్పుడు నడుం నిటారుగా ఉండాలి. ఏంట్రా అలా వంగావు, చెప్పు పోయిందా?"

అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఒకటే: "రెండో చెయ్యేదిరా?" ధూపం పట్టేటప్పుడు, గంట కొట్టేటప్పుడు, పుస్తకం పేజీ తిప్పేటప్పుడు ఒక చెయ్యి పనిలో ఉంటుంది కదా. రెండోది ఏం చెయ్యాలి? పిల్లలు దాన్ని మర్చిపోతారు. "సంతలో తప్పిపోయినదాన్లా అలా వేలాడుతోందేంట్రా! గుండె మీద పెట్టు. పనిచేసే చెయ్యి ఎలాగూ అందరికీ కనబడుతుంది. పనిలేని చేతిని చూస్తేనే నువ్వెవరి ముందు నిలబడ్డావో తెలుస్తుంది."

నేను పక్కన నిలబడి పెద్దమనిషిలా చూస్తున్నాను. ఆవిడ నావైపు తిరిగింది.

"మీరూ రండి సెక్రటరీగారూ."

"నేనెందుకండీ, ఈ వయసులో?"

"మీరు చేస్తే పిల్లలు చేస్తారండి. ఆడమనిషి చెప్పేదేంటి అంటారు రేపొద్దున్న."

వెళ్ళి నిలబడ్డాను. ఆకు పెట్టింది. పది అడుగులు వేసి చేతులు విప్పేసరికి ఆకు ముద్దయిపోయి ఉంది. పిల్లలు నవ్వారు. నేను, మూటలు మోసే చేతులండీ మరి, అన్నాను. "ఇది మూట కాదు కదండీ" అంది. ఆవిడ నవ్వలేదు. నాలుగు శనివారాలు పట్టింది నాకు, ఆకు నలక్కుండా ఆ చివరికి వెళ్ళడానికి. ఆ రోజు ఆవిడ నా చేతుల్లోంచి ఆకు తీసుకుని, వెలుతురుకి పట్టి చూసి, నోట్లో వేసుకుని నమిలేసింది. ఆవిడ దగ్గర అంతకంటే మెచ్చుకోలు లేదు.

"ఇదంతా మీకెలా తెలుసండీ?" అని ఒకసారి అడిగాను.

"మా అన్నయ్య పీఠం దగ్గర ఉండేవాడండి, పూజ లాటిన్‌లో జరిగే రోజుల్లో. ఇంట్లో వాడు సాధన చేస్తుంటే నేను తువ్వాలు మెడలో వేసుకుని ఫాదర్ని అయ్యేదాన్ని. మా నాన్న చూసి వీపు చీరేశాడు." గ్లాసులు సర్దుతూ, "తర్వాతంతా చూశానండి."

"చూస్తే వస్తుందాండీ?"

"చెయ్యనివ్వకపోతే చూడ్డమే కదండీ ఉన్నది."

*

మా పిల్లలకి పేరొచ్చింది. పక్క విచారణల వాళ్ళు పండక్కి మా పిల్లల్ని పంపమని అడిగేవారు. ఫాదర్ గారు నా భుజం తట్టి, "సెక్రటరీ, బాగా తయారుచేశావయ్యా" అన్నారు. మొదటిసారి అన్నప్పుడు, నేను కాదండి మామ్మగారండి అని చెబుదామనుకున్నాను. ఎవరో అడ్డొచ్చారు. రెండోసారి అన్నప్పుడు ఎవరూ అడ్డురాలేదు, నేనే చెప్పలేదు. ఆ తర్వాత అది అలవాటయిపోయింది. శనివారం పిల్లలు ఆవిడ వాకిట్లో. ఆదివారం వాళ్ళ కాలర్లు సర్దుతూ నేను.

గుడి కట్టి యాభై ఏళ్ళు నిండిన సంవత్సరం బిషప్ గారు వస్తున్నారన్నారు. ఆయన చేతుల మీదుగా ఐదుగురికి శాలువాలు కప్పాలని కమిటీ తీర్మానం. ఫాదర్ గారు రిజిస్టరు చూసి చెబుతున్నారు, నేను జాబితా రాస్తున్నాను. స్థలం ఇచ్చినాయన, పాటల మాస్టారు, ఇలా నాలుగు పేర్లు అయ్యాయి.

"ఐదోది, పీఠ బాలకుల శిక్షణ. నీదే కదయ్యా. రాయి."

నా కలం ఆగింది.

"నీ పేరు నువ్వు రాసుకోడానికి మొహమాటమా? ఇలా ఇవ్వు" అని కాగితం లాక్కుని ఆయనే రాశారు. ఇన్నేళ్ళూ నన్ను నేను సమర్థించుకున్నది ఈ ఒక్క ముక్కతోనే: నేను రాయలేదు. రాయలేదు, నిజమే. కొట్టెయ్యనూ లేదు.

కానీ నోరు విప్పాను. అదే ఇంకా ఘోరం. "ఫాదర్ గారండి, గుడి మామ్మ కూడా..." అన్నాను.

"ఏంటి?" అని చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకున్నారాయన.

గట్టిగా చెప్పాలి. గట్టిగా చెబుదామని నోరు తెరిస్తే బయటికొచ్చిన మాట ఇదీ: "పిల్లల అంగీలకి గంజి పెడుతుందండి, మామ్మ."

"అవునా పాపం. పండక్కి ఒక చీర ఇద్దాంలే."

ఇరవై ఏళ్ళ చదువుని గంజి కింద మార్చేశాను. ఎవరి మీద అరవను? ఫాదర్ గారి మీదా? ఆయన చెవుడు మీదా?

పండగ రోజు మా పిల్లలు ఎనిమిదిమంది రెండు వరసల్లో నడిచొచ్చారు. ఎనిమిది జతల చేతులు, ఎనిమిది ఆకులు ఉన్నాయేమో అన్నట్టు. ఒక్క అంగీ అంచు కదల్లేదు. బిషప్ గారు ప్రసంగం ఆపి మరీ అన్నారు: "ఇంత నిదానం నేను పెద్ద పెద్ద గుళ్ళలో చూడలేదు. ఈ పిల్లలకి నేర్పినవారిని చూడాలని ఉంది." జనం అంతా నావైపు తిరిగారు. పీఠం మీద బిషప్ గారి పక్కన నిలబడ్డ చిన్న ఫాదర్ గారొకరు కూడా నావైపు చూశారు. ఆయన మా పేట పిల్లాడే. ఆ వాకిట్లో, ఆ గీత మీద, "చెప్పు పోయిందా" అనిపించుకుని నేర్చుకున్నవాడే. ఆయన ఒకసారి నన్ను చూసి, ఒకసారి మూడో వరసని చూసి, తల దించుకున్నారు. ఆయనా మాట్లాడలేదు. నాకంటే ఆయనకి నోరెక్కువ ఉండాలి, ప్రసంగాలు చెప్పే చదువు చదివినవాడు. పోనీలెండి, ఆయన తప్పు ఆయనది.

మైకులో నా పేరు. వెళ్ళాను. మోకాళ్ళ మీద నిలబడ్డాను. బిషప్ గారి ఉంగరం ముద్దు పెట్టుకున్నాను. శాలువా భుజాల మీద పడింది. ఫొటోగ్రాఫరు లైటు వెలిగింది. చప్పట్లు.

ఆ చప్పట్ల మధ్య నాకు వినిపించింది. "ట్చ్."

ఒక్కసారే. లేచి వెనక్కి తిరిగేసరికి మూడో వరసలో ఆవిడ చోటు ఖాళీగా ఉంది. స్తంభం వెనకాల చీర కొంగు మాత్రం కొంచెం కనబడుతోంది.

*

తర్వాత ఏమీ జరగలేదు. ఇలాంటివి జరిగాక ఏదో జరుగుతుందనుకుంటాం. ఆవిడ మర్నాడూ చెప్పులు గేటు దగ్గరే విప్పింది. నన్ను చూసి, "టీ తాగారాండీ సెక్రటరీగారూ" అంది, ఎప్పటిలాగే. పండక్కి ఇచ్చిన చీర కట్టుకునే శనివారం గుడి కడిగింది. పిల్లలకి నేర్పడం మానలేదు. నేనే ఆ వాకిట్లోకి వెళ్ళడం మానేశాను. "రావట్లేదేంటండీ" అంటే "డ్యూటీ మారిందండి" అనేవాణ్ణి. ఫొటో వచ్చింది. పటం కట్టించి ముందుగదిలో పెట్టుకున్నాను. పదేళ్ళు ఆ గోడ మీద ఉంది, వచ్చినవాళ్ళందరికీ చూపించాను. చూసినప్పుడల్లా నాకు నా మొహమే కనబడేది. రెండు మూడు నెలల కిందట దాన్ని గోడమీంచి దింపేశాను.

కొన్నాళ్ళకి ఆవిడ మోకాళ్ళు పోయాయి. వాకిట్లో గీత చెరిగిపోయింది. ఆరు నెలలు తిరక్కుండా మా పిల్లలు అందరి పిల్లల్లాగే తయారయ్యారు. "ఏంటండీ, మీరు పట్టించుకోవట్లేదా? వీళ్ళు ఇలా అయ్యారేంటి?" అని నన్నడిగినవాళ్ళున్నారు. పట్టించుకున్నాను. పుస్తకం చదివి వినిపించాను! కళ్ళు సరిగ్గా కనబడటం లేదని చెప్పి ఆ బాధ్యత వదిలేశాను.

ఒక తపస్సు కాలంలో, ఈస్టరుకి ముందు నలభై రోజుల్లో, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి మోకరించాను. శాలువా సంగతి చెబుదామనే వెళ్ళాను. "గర్వపడ్డానండి" అని చెప్పి ఊరుకున్నాను. మూడు జపాలు చెప్పుకోమన్నారు. చెప్పుకున్నాను. మూడు జపాలతో పోయే గర్వమే అయితే నిద్రపట్టేది.

నాకు తెలియవలసింది ఒక్కటే. ఆ ఒక్క "ట్చ్"లో ఆవిడ నన్ను ఏమంది? దొంగా అందా? ఛీ అందా? ఇంతేనా నువ్వు అందా? పదేళ్ళు ఆ శబ్దానికి రకరకాల అర్థాలు చెప్పుకున్నాను, ఒక్కటీ మంచిది కాదు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ ఒక్క శబ్దం చదవలేకపోయాను.

ఆవిడ పోవడానికి రెండు నెలల ముందు, ఆవిడ మంచం మీంచి లేవట్లేదని తెలిసి, శాలువా పట్టుకుని వెళ్ళాను. ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య దాచాను, కొత్తగానే ఉంది. ఆవిడ నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కోడలు లేపి కూర్చోబెట్టింది. శాలువా ఒళ్ళో పెట్టాను.

"ఇది మీదండి" అన్నాను.

వేళ్ళతో అంచు తడిమి చూసింది. "మంచి నేతండి. దీనికి గంజి పెట్టకండి, పాడైపోతుంది."

ఆవిడకి తెలిసి అన్న మాట కాదు. ఆ రోజు ఫాదర్ గారి గదిలో నేనన్నది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఆ గంజి మాట సూటిగా తగిలింది. "నాకెందుకండీ ఈ ఎండల్లో" అని మడతపెట్టి నా చేతికే ఇచ్చేసింది. ఇంక అడగలేక లేచొచ్చేశాను.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. శాలువా ఇంట్లోనే ఉంచేశాను. ఈసారి కూర్చోకుండానే అడిగేశాను.

"మామ్మగారూ, ఆ పండగ రోజు శాలువా కప్పేటప్పుడు మీరు నాలుకతో చప్పుడు చేశారు. నాకు వినిపించింది. తర్వాత స్తంభం వెనక్కి వెళ్ళిపోయారు. ఏడుస్తున్నారనుకున్నాను. పదేళ్ళయిందండి. నన్ను ఏమనుకున్నారో ఆ మాట అనెయ్యండి. తిట్టండి. ఫాదర్ గారికి మీ పేరు చెప్పనిది నేనే. కోపం వచ్చిందా లేదా, అదైనా చెప్పండి."

కోడలు టీ తెచ్చింది. గ్లాసు కుడిచేత్తో అందుకున్నాను, తాగలేదు. ఆవిడ నా మొహం చూడలేదు. నా చేతులు చూసింది. చూసి, మెల్లగా, ఎప్పుడూ వాకిట్లో మాట్లాడే గొంతుతోనే చెప్పింది:

"వచ్చిందండి కోపం, ఎందుకు రాదు? మీరు ఉంగరం ముద్దు పెట్టుకునేటప్పుడు కుడిచెయ్యి బిషప్ గారి చేతి కింద ఉంది, బాగానే ఉంది. రెండో చెయ్యి అలా ఊరికే వేలాడుతోందండి, అంతమందిలో. ఈయనకి నేర్పిందెవరని ఎవరైనా అడుగుతారేమోనని సిగ్గేసి, నేనే స్తంభం చాటుకి జరిగిపోయానండి."